రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్తూ చవగ్గా రూమ్ చూసుకోవడం ఎలా?

హైదరాబాద్ వనస్థలిపురంలో ఇల్లున్నవాడికి వేసవి సెలవుల్లో ఒక అదనపు ఉద్యోగం పడుతుంది. తెనాలి నుంచి, ఏలూరు నుంచి, ఒక్కోసారి విజయనగరం నుంచి ఫోన్లు. "అన్నయ్యా, పిల్లల్ని ఫిల్మ్ సిటీకి తీసుకొస్తున్నాం. దగ్గర్లో చవగ్గా ఏదైనా రూమ్ చూసిపెట్టవా?" నలుగురైతే మా ఇంట్లోనే సర్దుకుంటాం. కానీ ఈ మధ్య రెండు కుటుంబాలు, అత్తగారు, పక్కింటి పిల్లాడు కలిపి పదకొండు మంది దిగుతున్నారు. అలా చాలాసార్లు రూములు చూసిపెట్టి, వాటిలో సగం సార్లు తిట్లు తిని, నేర్చుకున్న సంగతులివి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఫిల్మ్ సిటీ విషయంలో చవక రూమ్ అంటే తక్కువ అద్దె ఉన్న రూమ్ కాదు. పొద్దున తొమ్మిదింటికల్లా గేటు దగ్గర ఉండడానికి, సాయంత్రం అలిసిపోయిన పిల్లలతో తిరిగి మంచం చేరడానికి మొత్తం ఎంతయిందో అదీ లెక్క. అద్దె అందులో ఒక భాగమే.

ముందు రాత్రి కావాలా, తర్వాత రాత్రి కావాలా?

రూమ్ వెతికే ముందు ఇది తేల్చుకోండి. చాలామంది దీన్ని ఆలోచించకుండానే రెండు రాత్రులు బుక్ చేసి డబ్బు పారేసుకుంటారు.

ఫిల్మ్ సిటీ పొద్దున 9 గంటలకు తెరుస్తారు. టికెట్ తీసుకున్నాక వాళ్ల బస్సెక్కితే కొన్ని కిలోమీటర్లు లోపలికి తీసుకెళ్లి 'యురేకా' అనే చోట దింపుతారు. తిరగడం అక్కడి నుంచి మొదలు. పదకొండింటికి చేరుకున్నవాళ్లకు సగం షోలు దక్కవు. అందుకని మీరు పగటి రైల్లోనో, కార్లోనో వస్తుంటే ముందు రోజు రాత్రే రూమ్ కావాలి. సాయంత్రం ఫిల్మ్ సిటీ నుంచి నేరుగా బస్సో రైలో ఎక్కేయొచ్చు.

రాత్రి బస్సులో వచ్చి తెల్లవారుజామున దిగేవాళ్ల కథ వేరు. వాళ్లకు ముందు రాత్రి రూమ్ దండగ. కావాల్సిందల్లా స్నానానికి, టిఫిన్‌కి రెండు గంటలు, సామాన్లు పెట్టుకోవడానికి ఓ చోటు, ఆ రాత్రికి పడక. ఇలాంటివాళ్లు 24 గంటల చెకిన్ ఉన్న లాడ్జి వెతకాలి. పొద్దున 6 గంటలకు దిగితే మర్నాడు పొద్దున 6 దాకా మీదే. చెకిన్ మధ్యాహ్నం 12కి అని రాసి ఉన్నచోట ఆరింటికే వెళ్తే ఒక రోజు అద్దె అదనంగా అడుగుతారు, లేదా 'ఎర్లీ చెకిన్' పేరుతో సగం లాగుతారు. యాప్‌లో అద్దె తక్కువగా కనిపించిన లాడ్జి ఇక్కడే ఖరీదవుతుంది.

రైల్లో వచ్చేవాళ్లు టికెట్ మీద ఏ స్టేషన్ అని ఉందో ఒకసారి చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక ఆంధ్రా వైపు రైళ్లు కొన్ని అక్కడే ఆగిపోతున్నాయి. చర్లపల్లికి మెట్రో లేదు. పెద్ద కుటుంబమైతే అక్కడి నుంచి క్యాబ్ మాట్లాడుకుని, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగిపోవడం సుఖం. సికింద్రాబాద్‌లో దిగుతామనుకుని నగరం మధ్యలో రూమ్ బుక్ చేసుకుంటే అటూ ఇటూ కాకుండా పోతారు.

'దగ్గర' అంటే ఎంత దగ్గర?

ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. గిన్నిస్ రికార్డు ప్రకారం 1,666 ఎకరాలు. ఈ విస్తీర్ణం మీకెందుకంటే, మ్యాపులో దాని గుర్తు ఆ ఎకరాల మధ్యలో ఎక్కడో పడుతుంది, గేటు దగ్గర కాదు. బుకింగ్ యాప్‌లో 'ఫిల్మ్ సిటీకి 6 కిలోమీటర్లు' అని కనిపించేది ఎక్కువగా కాకి ఎగిరే దూరం. కొండల వెనక ఇబ్రహీంపట్నం వైపున్న హోటల్ కూడా అందులో దగ్గరగానే కనిపిస్తుంది. అక్కడి నుంచి మీరు చుట్టూ తిరిగి విజయవాడ హైవే మీదకు రావాల్సిందే. కాబట్టి దూరం చూసేటప్పుడు ఫిల్మ్ సిటీ మెయిన్ గేటు పెట్టి, కారు దారి అడగండి. అదీ రాత్రి పన్నెండింటికి కాదు, పొద్దున ఎనిమిదింటికి ఎంత సేపు చూపిస్తుందో చూడండి.

ఎల్బీ నగర్ కూడలి నుంచి విజయవాడ వైపు వరసగా వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్, ఆ తర్వాత ఫిల్మ్ సిటీ. ఎల్బీ నగర్ నుంచి మొత్తం 20 కిలోమీటర్ల పైచిలుకు. ఈ దారి మీద రూములు మూడు రకాలు.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీ నగర్‌లో లాడ్జిలు బోలెడు. పోటీ ఎక్కువ కనుక అద్దె తక్కువ. మియాపూర్ నుంచి వచ్చే మెట్రో రెడ్ లైన్ ఎల్బీ నగర్‌తో ఆగిపోతుంది. కాబట్టి నగరంలో ఇంకేమైనా చూడాలనుకునేవాళ్లకు ఇదే మేలు. నాంపల్లి స్టేషన్‌లో, ఎంజీబీఎస్ బస్టాండులో దిగేవాళ్లు మెట్రోలో నేరుగా వచ్చేయొచ్చు. తిండికీ ఇబ్బంది లేదు, రాత్రి పదకొండింటికి కూడా ఇడ్లీ దొరుకుతుంది. ఇబ్బందల్లా పొద్దున ఆ 20 కిలోమీటర్ల ప్రయాణమే.

హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేటలో రూములు తక్కువ, అద్దె ఓ మెట్టు ఎక్కువ, కానీ గేటుకి సగం దారిలో ఉంటారు. సొంత కారులో విజయవాడ వైపు నుంచి గానీ ఔటర్ మీదుగా గానీ వచ్చేవాళ్లు నగరంలోకి దూరనక్కర్లేదు. కారు పెట్టుకోవడానికీ జాగా ఉంటుంది. పిల్లలున్న కుటుంబానికి నేను ఎక్కువగా చూసిపెట్టేది ఇక్కడే.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక హైవే పక్కన ఉండేవి మూడో రకం. గేటుకి బాగా దగ్గర. వీటిలో మంచివీ ఉన్నాయి, లారీ డ్రైవర్ల కోసం కట్టినవీ ఉన్నాయి, బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. అక్కడే బాటసింగారంలో పండ్ల హోల్‌సేల్ మార్కెట్ ఉంది. మామిడి సీజన్‌లో రాత్రంతా లారీల రొద. రోడ్డు వైపు కిటికీ ఉన్న రూమ్ ఇస్తే నిద్ర మీద ఆశ వదులుకోండి.

ఇంకో చిన్న సంగతి. మన దగ్గర 'హోటల్' అంటే భోజనం పెట్టేచోటు కూడా. హైవే మీద ఆ బోర్డు చూసి రూములుంటాయని ఆగితే దోసె తిని రావాల్సి వస్తుంది. ఆటో అతనితో 'లాడ్జి' అని చెప్పండి, తిన్నగా తీసుకెళ్తాడు.

కాగితం మీద లెక్క వేయండి

మా పిన్ని కొడుకు పోయినేడు ఎల్బీ నగర్‌లో 1,500కి రూమ్ దొరికిందని మురిసిపోయాడు. నేను హయత్‌నగర్‌లో 2,000కి చూపిస్తే 'నీకేంటన్నయ్యా, ఐదొందలు ఎక్కువ' అన్నాడు. పొద్దున ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మా పిన్ని కలిసి క్యాబ్‌లో వెళ్లడానికి 700 అయింది. సాయంత్రం అందరూ ఒకేసారి బయటికొస్తారు కదా, క్యాబ్ దొరక్క, దొరికింది రద్దయి, చివరికి 900 ఇచ్చాడు. అంటే 3,100. హయత్‌నగర్ నుంచి ఆటో అయితే పోను 350, రాను 350 పడేది, మొత్తం 2,700. ఈ అంకెలు ఆ రోజువి, మీ తేదీకి మీరు వేసుకోండి. లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

అదే ఇద్దరు కుర్రాళ్లు, వీపున ఒక బ్యాగు, ఆర్టీసీ బస్సుకి ఎదురుచూసే ఓపిక ఉంటే ఎల్బీ నగర్ రూమే గెలుస్తుంది. కోఠి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ మీదుగా ఫిల్మ్ సిటీ వైపు సిటీ బస్సులున్నాయి. టికెట్ ఖర్చు క్యాబ్ ముందు లెక్కలోకే రాదు. మనుషులు పెరిగేకొద్దీ, చిన్నపిల్లలు ఉండేకొద్దీ దగ్గరి రూమ్ చవకవుతుంది. ఇద్దరే అయితే దూరపు రూమ్ చవక.

దీనికి పన్ను కలపండి. రోజుకు 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న రూములకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ పైన 18 శాతం. అంటే 2,000 రూమ్‌కి వంద రూపాయలు. ఎవరైనా ఇంకా 12 శాతం వేస్తే బిల్లు అడగండి, దాని మీద జీఎస్టీ నంబరుందో లేదో చూడండి. చిన్న లాడ్జిలు కొన్ని అసలు జీఎస్టీలో నమోదే కావు. వాళ్లు పన్ను వసూలు చేయకూడదు కూడా.

లోపలి హోటళ్లు ఎప్పుడు గిట్టుబాటు?

ఫిల్మ్ సిటీ లోపలే హోటళ్లున్నాయి. సితార అన్నిటికన్నా పైది, తార దాని కింది మెట్టు. బడ్జెట్‌లో వచ్చేవాళ్లకు శాంతినికేతన్ ఉంది. గుంపుగా వచ్చేవాళ్లకు, కాలేజీ పిల్లలకు డార్మిటరీ పద్ధతిలో సహారా ఉంది. పేర్లు వినగానే 'మనవల్ల కాదు' అనుకుని చాలామంది ధర కూడా చూడరు. అది పొరపాటు.

ఎందుకంటే అక్కడ ఎక్కువగా ప్యాకేజీలే అమ్ముతారు. రూమ్, ప్రవేశ టికెట్లు, భోజనాలు కలిపి ఒక ధర. దాన్ని బయటి లాడ్జి అద్దెతో పక్కపక్కన పెట్టి పోలిస్తే కళ్లు తిరుగుతాయి. ముందు ఆ ధరలోంచి మీ అందరి టికెట్లు తీసేయండి. టిఫిన్, భోజనం ఉంటే అవీ తీసేయండి. రానుపోను ఆటో ఖర్చు తీసేయండి. మిగిలిందే అసలు అద్దె. ఇద్దరు పెద్దలకైతే ఒక్కోసారి బయటి మంచి హోటల్ కంటే కొంచెమే ఎక్కువ ఉంటుంది. ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో ఫిల్మ్ సిటీ సొంత వెబ్‌సైట్‌లోనే చదవండి. పిల్లల్ని ఎన్నేళ్ల వరకు పిల్లలుగా లెక్కిస్తారో, రెండో రోజు ప్రవేశం కూడా ఉందో లేదో చూడండి. గూగుల్‌లో 'కస్టమర్ కేర్' అని వెతికి మొదట కనిపించిన నంబరుకి ఫోన్ చేసి డబ్బు పంపకండి. ఆ పేరుతో మోసగాళ్లు కాచుకుని కూర్చుంటారు.

సెలవుల్లో, సంవత్సరం చివర సాయంత్రం కార్యక్రమాలుండే రోజుల్లో లోపల దిగితే మంచిది. రాత్రి తొమ్మిది దాటాక చలిలో గేటు బయట నిలబడి ఆటోలతో బేరాలాడే బాధ తప్పుతుంది. మామూలు రోజుల్లో, సాయంత్రం ఐదున్నర ఆరింటికి బయటపడేవాళ్లకు అంత ఖర్చు అక్కర్లేదు.

తేదీకి పంచాంగం కూడా చూడండి

ఇది యాప్‌లు చెప్పని సంగతి. హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దారి పొడవునా ఫంక్షన్ హాళ్లే. మంచి ముహూర్తం ఉన్న రోజు చుట్టుపక్కల లాడ్జిలన్నీ పెళ్లివారే తీసేసుకుంటారు. మిగిలిన రెండు రూములకు రెట్టింపు అడుగుతారు. పైగా బారాత్ డీజే. ఒకసారి మా ఏలూరు బాబాయి వాళ్లకు అలాంటి రాత్రి రూమ్ చూసిపెట్టాను. రాత్రి రెండింటికి ఆయన ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఫోన్ కిటికీ దగ్గర పెట్టాడు. నేనూ ఆ డప్పులు విన్నాను.

కాబట్టి క్యాలెండర్‌లో ముహూర్తాలున్న తేదీలు వదిలేయండి. ఆషాఢంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లుండవు. అప్పుడు ఇవే రూములు బేరానికొస్తాయి. ఆషాఢం మామూలుగా జూన్, జూలైల్లో వస్తుంది. బడులు తెరిచి ఉంటాయి కనుక జనం తక్కువ, ఎండ కూడా తగ్గి ఉంటుంది. పిల్లల బడికి ఒక శుక్రవారం ఎగ్గొట్టించగల ధైర్యం ఉంటే అంతకు మించిన సమయం లేదు. వాన పడితే తడుస్తారు, గొడుగు పెట్టుకోండి.

సంక్రాంతి ముందు మూడు రోజులు హైదరాబాద్ నుంచి ఆంధ్రాకి, పండగ అయ్యాక ఆంధ్రా నుంచి హైదరాబాద్‌కి ఈ హైవే మీద కార్లు చీమల బారులా కదులుతాయి. అప్పుడు 10 కిలోమీటర్లకు గంటన్నర కూడా పట్టొచ్చు. ఆ రోజుల్లో రూమ్ ఎంత చవకైనా ఎల్బీ నగర్‌లో వద్దు. ఎప్పుడైనా సరే శని, ఆదివారాల కంటే మంగళ, బుధ, గురువారాల్లో అద్దె తక్కువ, లోపల క్యూలూ తక్కువ.

యాప్‌లో చూడండి, ఫోన్‌లో అడగండి

యాప్‌లో ఫొటోలన్నీ పెళ్లిచూపుల ఫొటోల్లాంటివి. లాడ్జివాళ్లు పెట్టినవి వదిలేసి దిగినవాళ్లు పెట్టినవి చూడండి, ముఖ్యంగా బాత్రూమ్‌వి. రివ్యూలు కొత్తవి ముందు వచ్చేలా మార్చుకుని గత మూడు నెలలవి మాత్రం చదవండి. 'చాలా బాగుంది' అన్నవి, 'ఛీ' అన్నవి రెండూ దాటేయండి. 'నీళ్లు సన్నగా వచ్చాయి', 'లిఫ్టు పనిచేయలేదు, అమ్మమ్మ మూడో అంతస్తు ఎక్కలేకపోయింది' లాంటివి పనికొస్తాయి. దిగిన మనిషి తప్ప అలా రాయలేడు.

రెండు మూడు ఎంచుకున్నాక లాడ్జికే ఫోన్ చేయండి. యాప్‌లో పదిహేను వందలున్న రూమ్ నేరుగా అడిగితే పదమూడు వందలకు ఇచ్చిన సందర్భాలు నాకే ఉన్నాయి, యాప్‌కి ఇచ్చే కమిషన్ మిగులుతుంది కదా. ధర కంటే ముఖ్యం అడిగే ప్రశ్నలు. ఒకసారి నేను మాట్లాడింది దాదాపు ఇలా నడిచింది.

"రూమ్‌లో వేడినీళ్లు వస్తాయా బాబూ?"

"వస్తయ్ సార్, గీజర్ ఉంది."

"పొద్దున ఐదింటికి కూడా వస్తాయా?"

"ఆరింటి సంది ఎనిమిదింటి దాకా వస్తయ్ సార్. గీజర్ మోటరు కాడ ఆన్ చేస్తం."

"ఏసీ ఉంది కదా?"

"ఉంది సార్. ఏసీ కావాల్నంటే నాలుగొందలు ఎక్స్‌ట్రా."

చూశారా, అతను ఎక్కడా అబద్ధం చెప్పలేదు. 'ఉందా' అని అడిగితే ఉంది అంటాడు. ఎప్పుడు, ఎంతసేపు, ఆ ధరలోనేనా అని అడిగితేనే అసలు జవాబు వస్తుంది. కాబట్టి ఇలా అడగండి: ఇద్దరు పెద్దలతో పాటు పదేళ్ల పిల్లవాడుంటే అదనంగా ఎంత? అదనపు పరుపు ఇస్తారా, దుప్పటి పరిచి సరిపెడతారా? లిఫ్టు ఉందా, ఏ అంతస్తు? కరెంటు పోతే జనరేటర్ ఏసీకి కూడానా, లైటు ఫ్యానుకేనా? కారు లోపల పెట్టొచ్చా, రోడ్డు మీదేనా? పొద్దున 6 గంటలకు వస్తే రూమ్ ఇస్తారా? చెకౌట్ అయ్యాక సామాన్లు సాయంత్రం దాకా కౌంటర్ దగ్గర ఉంచుతారా? చివరిదాన్ని తప్పకుండా అడగండి. ఫిల్మ్ సిటీలో సూట్‌కేసు ఈడ్చుకుంటూ తిరగలేరు.

మాట్లాడుకున్న ధర, చెకిన్ వేళ వాట్సాప్‌లో మెసేజ్‌గా పెట్టించుకోండి. కౌంటర్‌లో మధ్యాహ్నం మనిషి వేరు, రాత్రి మనిషి వేరు.

యాప్‌లోనే బుక్ చేస్తే 'హోటల్‌లో చెల్లించండి' అన్నదే ఎంచుకోండి, వందో రెండొందలో ఎక్కువైనా సరే. నేనొకసారి చవగ్గా వస్తుందని రద్దు కుదరని రూమ్‌కి డబ్బంతా ముందే కట్టాను. రాత్రి తొమ్మిదింటికి చుట్టాలు కౌంటర్ దగ్గర నిలబడితే "ఆ యాప్‌తోని మాకు ఇప్పుడు పని లేదు సార్, బుకింగ్ చెల్లదు" అన్నారు. డబ్బు పదిహేను రోజులకు తిరిగొచ్చింది. ఆ రాత్రి మాత్రం అందరూ మా హాల్లోనే పడుకున్నారు. అప్పట్నుంచి యాప్‌లో బుక్ చేసినా, బయల్దేరే రోజు పొద్దున లాడ్జికి ఫోన్ చేసి 'ఫలానా పేరుతో బుకింగ్ వచ్చిందా' అని అడుగుతున్నాను. ఒక్క నిమిషం పని.

గుర్తింపు కార్డుల సంగతి

పెద్దవాళ్లందరి కార్డులూ అడుగుతారు, ఒక్కరిది చాలదు. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ వెబ్‌సైట్ నుంచి దించుకుని ఇవ్వండి. లేకపోతే డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు చూపించండి. కుర్రాడు తన సొంత ఫోన్‌లో మీ కార్డు ఫొటో తీసుకుంటానంటే ఒప్పుకోకండి, లాడ్జి కంప్యూటర్‌లో స్కాన్ చేయమనండి.

అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య పిల్లలో, లండన్ అక్కయ్య కుటుంబమో మీతో ఉంటే ముందే చెప్పండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే లాడ్జివాళ్లు 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. చిన్న లాడ్జిలు ఆ తలనొప్పి ఎందుకని మొహం మీదే కాదంటాయి. పిల్లలు పుట్టిందీ పెరిగిందీ డల్లాస్‌లోనే అయితే, తెలుగు ఎంత చక్కగా మాట్లాడినా చేతిలో ఉండేది అక్కడి పాస్‌పోర్టే.

తాళం తీశాక

డబ్బు మొత్తం కట్టకముందే రూమ్ చూస్తామనండి. అందులో మొహమాటం లేదు. తలుపు తీయగానే ఒక్క క్షణం ఆగి ముక్కుతో చూడండి. ఫినాయిల్ వాసన పర్లేదు, ముక్కిపోయిన వాసన వస్తే గోడలో చెమ్మ ఉన్నట్టు. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి బకెట్ సగం నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి, ఐదుగురు పొద్దున ఏడింటికల్లా తయారవ్వాలి కదా. దుప్పటి ఒక మూల ఎత్తి పరుపు కుట్ల దగ్గర సన్నటి నల్ల చుక్కలున్నాయేమో చూడండి, ఉంటే నల్లులు. తలుపు గడియ లోపలి నుంచి సరిగ్గా పడుతుందో లేదో. ఏసీ వేసి ఐదు నిమిషాలు నిలబడండి. నచ్చకపోతే ఇంకో రూమ్ చూపించమనండి. చాలా లాడ్జిల్లో మొదట చూపించేది ఎవరూ తీసుకోని రూమే.

రాత్రే మర్నాటి ఆటో మాట్లాడేసుకోండి. లాడ్జి కౌంటర్‌లో అడిగితే వాళ్లకు తెలిసిన ఆటో ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే సరిపోతుంది. టిఫిన్ హయత్‌నగర్‌లోనే కానివ్వండి. లోపలికి బయటి తిండి తీసుకెళ్లనివ్వరు, లోపలి ధరలు లోపలి ధరలే. కడుపు నిండా తిని వెళ్తే మధ్యాహ్నం ఒంటిగంట దాకా పిల్లలు అడగరు.

మీరు వెళ్లేది వండర్‌లా అయితే

వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కు ఇంకో దిక్కున, రావిర్యాల దగ్గర ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్. 2016లో తెరిచారు. రెండూ హైదరాబాద్ శివార్లలోనే కదా అని ఒకే రూమ్ నుంచి రెండూ చూద్దామనుకుంటారు. సొంత కారుంటే చూడొచ్చు. పెద్ద అంబర్‌పేట 11వ ఎగ్జిట్, కాబట్టి అక్కడ దిగినవాళ్లకు ఔటర్ మీద రెండూ అందుబాటే. కారు లేకపోతే ఆ ఆలోచన మానేయండి.

వండర్‌లా తెరిచేది 11 గంటలకు. పొద్దున తొందర లేదు కనుక పక్కనే రూమ్ ఉండాల్సిన పని లేదు. ఎల్బీ నగర్, బీఎన్ రెడ్డి నగర్ వైపు చవక రూమ్ చూసుకుని తీరిగ్గా వెళ్లొచ్చు. ఇక్కడ రూమ్‌లో చూడాల్సింది ఇంకొకటి: బాల్కనీ గానీ, దండెం కట్టుకునే చోటు గానీ ఉందా అని. నీళ్ల ఆటలకు నైలాన్ లాంటి సింథటిక్ బట్టలే వేసుకోనిస్తారు. సాయంత్రానికి ఇంటిల్లిపాది తడిబట్టలు ఒక మూటవుతాయి. బాల్కనీ లేని ఏసీ రూమ్‌లో వాటిని కుర్చీల మీద, మంచం కోళ్ల మీద, టీవీ మీద ఆరేసి, పొద్దున తడివే మళ్లీ బ్యాగులో కుక్కుకుని వచ్చారు మా తెనాలి వాళ్లు.

సాయంత్రం, మర్నాడు పొద్దున

ఫిల్మ్ సిటీ నుంచి తిరిగొచ్చేటప్పుడు అందరికన్నా పావుగంట ముందు కదలండి. యురేకా నుంచి గేటుకి వచ్చే బస్సు దగ్గరే మొదటి క్యూ ఉంటుంది. పొద్దున దింపిన ఆటో అతని నంబరు తీసుకుని ఉంటే ఐదింటికే ఫోన్ కొట్టండి. లేకపోతే హయత్‌నగర్ దాకా షేర్ ఆటోలో వచ్చి అక్కడి నుంచి వేరే బండి చూసుకోండి. గేటు దగ్గర అడిగే రేటుకీ, హయత్‌నగర్‌లో అడిగే రేటుకీ బోలెడు తేడా ఉంటుంది.

రూమ్ ఖాళీ చేసేటప్పుడు మంచం పక్క ప్లగ్గులో చార్జర్, బాత్రూమ్ తలుపు వెనక తువ్వాలు, దిండు కింద కళ్లజోడు చూసుకోండి. దిగేటప్పుడు అడ్వాన్సుగా ఐదొందలు కట్టించుకుని ఉంటారు. బిల్లు చేతికొచ్చాక అది గుర్తుచేసి వెనక్కి తీసుకోండి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.